విలువంతా ఒకే కొయ్యకు తగిలిస్తే

2022 మార్చి 23న ఆష్లీ బార్టీ టెన్నిస్‌కు సెలవు చెప్పింది. అప్పుడామె ప్రపంచ నంబర్ వన్. వయసు 25. అంతకు రెండు నెలల ముందే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆ సింగిల్స్ కప్పు ఆస్ట్రేలియా క్రీడాకారిణి చేతికి రావడం 44 ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. గాయమేమీ లేదు, ఓటమి లేదు, వివాదం అసలే లేదు. తన సంతోషం ఫలితాల మీద ఆధారపడి లేదని, ఆటకు ఇవ్వగలిగినదంతా ఇచ్చేశానని చెప్పి తప్పుకుంది.

అంత నిబ్బరం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. 2011లో, పదిహేనేళ్ల వయసులో, వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలవగానే దేశమంతా ఆమె మీద ఆశలు పెట్టుకుంది. ఆ బరువు మోయలేక 2014లో రాకెట్ పక్కన పడేసింది. తర్వాత బ్రిస్బేన్ హీట్ జట్టులో చేరి క్రికెట్ ఆడింది. 2016లో మళ్లీ టెన్నిస్ కోర్టులోకి దిగింది. ఆ తర్వాత ఆమెకు తోడైన మానసిక శిక్షకుడు బెన్ క్రో సర్వీసు గురించీ ఫోర్‌హ్యాండ్ గురించీ మాట్లాడే మనిషి కాడు. నువ్వు ఎవరన్నది వేరు, నువ్వు ఏం సాధించావన్నది వేరు అని విడదీసి చూపడమే ఆయన పని. ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ సింగిల్స్ టైటిళ్లు మూడూ ఆ తర్వాత వచ్చినవే.

మన ఇళ్లలో లెక్క దీనికి తలకిందులు. ర్యాంకు వస్తే మనిషి, ప్యాకేజీ వస్తే మనిషి, వీసా వస్తే మనిషి. అవి వచ్చినన్నాళ్లూ తల ఎత్తుకుని తిరుగుతారు, రాని రోజున నలుగురిలోకి రావడానికే నామోషీ. అమెరికన్ మనస్తత్వవేత్త జెన్నిఫర్ క్రోకర్ ఈ సంగతినే 2001 నుంచి శాస్త్రీయంగా పరిశీలించారు. ప్రతి మనిషీ తన విలువను కొన్ని విషయాలకు తగిలించి ఉంచుతాడని ఆమె చెప్పారు. ఒకరికి చదువు, ఒకరికి రూపం, ఒకరికి పదిమంది మెప్పు, ఒకరికి కుటుంబం, ఇంకొకరికి దైవభక్తి. ఉన్నదంతా గోడకున్న ఒకే చిలకకొయ్యకు తగిలిస్తే కొయ్య ఊడిన రోజున అన్నీ నేలపాలవుతాయి. ఆత్మగౌరవం పెంచుకునే రోజువారీ పద్ధతులన్నీ చివరికి ఇంకో నాలుగు కొయ్యలు దిగ్గొట్టుకునే మార్గాలే. ఆ పని ఎలా జరుగుతుందో చూడటానికి ఆస్ట్రేలియా, అక్కడి తెలుగువాళ్లు మంచి ఉదాహరణ.

మనిషికి మార్కులేసే చోట

2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు ఆస్ట్రేలియాలో 34 వేల పైచిలుకు. 2021కి ఆ సంఖ్య దాదాపు 59 వేలు. ఎక్కువమంది సిడ్నీ, మెల్‌బోర్న్ శివార్లలో స్థిరపడ్డారు. చాలామంది చదువు పేరుతోనో నైపుణ్య వీసాతోనో వెళ్లినవారు. ఆ నైపుణ్య వీసాల పద్ధతిలో మనిషికి అక్షరాలా మార్కులు వేస్తారు. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే 30 పాయింట్లు. ఇంగ్లిష్ అత్యున్నత స్థాయిలో ఉంటే 20. తెలుగు, ఇంగ్లిష్ మధ్య అనువదించగలిగితే, అంటే నాటి అనే సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్ష పాసైతే 5. కనీసం 65 ఉంటేనే దరఖాస్తుకు అర్హత. 45 నిండితే ఆ తలుపు మూసుకున్నట్టే.

ఏళ్ల తరబడి తన విలువను పాయింట్లలో లెక్కేసుకున్న మనిషి, ఆ లెక్క పూర్తయ్యాక కూడా ఆ అలవాటు మానలేడు. స్టూడెంట్ వీసా మీద ఉన్న కుర్రాడు కోర్సు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలి. ఆ గంటలు పెట్రోలు బంకులోనో, సూపర్‌మార్కెట్ అరల ముందో, రెస్టారెంటు వంటింట్లోనో గడుస్తాయి. ఊళ్లో ఇంజినీరు బాబు. ఇక్కడ రాత్రి షిఫ్టులో ఫ్లోర్ తుడుస్తాడు. అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు యూనిఫాం కనపడకుండా ఫోను పైకి పట్టుకుంటాడు. భర్త వీసా మీద వచ్చిన ఎంటెక్ అమ్మాయికి ‘లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా’ అన్న ప్రశ్న దగ్గరే ఇంటర్వ్యూలన్నీ ఆగిపోతాయి. ఏడాది తిరిగేసరికి తనకేమీ రాదన్న నమ్మకం ఆమెలో బలపడిపోతుంది. ఆమె చదువేమీ తగ్గలేదు. దాన్ని చూసి గుర్తించేవాళ్లు చుట్టూ లేరు, అంతే.

అద్దం ముందు జపం

ఇలాంటివాళ్లకు సులువుగా దొరికే సలహా ఒకటుంది. రోజూ అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పవాణ్ని, నేను సాధిస్తాను’ అని పదిసార్లు అనుకోమంటారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోవాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో దీన్ని పరీక్షకు పెట్టారు. ‘నేను ప్రేమకు అర్హమైన మనిషిని’ అనే అర్థం వచ్చే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పుకోమన్నారు. అప్పటికే తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవారికి కాస్త ఉత్సాహం పెరిగింది. నిజంగా అవసరమున్నవారికి, అంటే ఆత్మన్యూనతతో బాధపడేవారికి, మనసు ఇంకా కుంగింది. నోరు ఒకటి అంటుంటే లోపలి మనసు కాదని వాదనకు దిగుతుంది మరి.

ప్రభుత్వ స్థాయిలోనూ ఇలాంటి ప్రయోగం జరిగింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఆత్మగౌరవం పెంచడానికని ఏకంగా ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. పిల్లల్లో అది పెరిగితే చదువు బాగుపడుతుందని, నేరాలు తగ్గుతాయని ఆశించారు. 2003లో రాయ్ బామైస్టర్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఆత్మగౌరవం పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. బాగా చదివినందువల్ల పిల్లల్లో ఆత్మగౌరవం పెరిగే అవకాశమే ఎక్కువ.

మరి ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? 1977లో ఆల్బర్ట్ బండూరా చెప్పిన జవాబు ఇప్పటికీ నిలిచి ఉంది. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి ఆయన నాలుగు ఆధారాలు చూపారు. తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎవరైనా ధైర్యం చెప్పడం, శరీరంలో కలిగే బెదురును సరిగ్గా అర్థం చేసుకోవడం మూడు. నాలుగోది, అన్నిటికన్నా బలమైనది, ఆ పని తానే చేసి చూడటం.

చివరివాడు ఉండని పరుగు

ఆస్ట్రేలియాలో శనివారం పొద్దున పార్కుల్లో జనం గుంపులుగా పరుగెత్తుతూ కనిపిస్తారు. దాని పేరు పార్క్‌రన్. 2004 అక్టోబరులో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. 2011లో క్వీన్స్‌లాండ్‌లోని గోల్డ్‌కోస్ట్‌లో అడుగుపెట్టి, ఇప్పుడు ఆ దేశంలో నాలుగు వందలకు పైగా చోట్ల జరుగుతోంది. 5 కిలోమీటర్లు. రుసుము లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు. పరుగెత్తవచ్చు, నడవవచ్చు, పిల్లల బండి తోసుకుంటూ పోవచ్చు. అందరికన్నా వెనక టెయిల్ వాకర్ అనే వలంటీరు నడుస్తాడు. కాబట్టి వచ్చినవాళ్లలో ఎవరూ చివరివాళ్లు కారు.

2024 ఫిబ్రవరిలో పార్క్‌రన్ నిర్వాహకులు వేగపు రికార్డుల జాబితాలను వెబ్‌సైట్ నుంచి తీసేశారు. కొత్తవాళ్లు వాటిని చూసి జంకుతారని కారణం చెప్పారు. వేగంగా పరుగెత్తేవాళ్లు గోల చేశారు. అయినా ఎవరి టైము వారికి ఇప్పటికీ వస్తూనే ఉంది. పోయిన నెల 52 నిమిషాలు పట్టిన మనిషికి ఈ నెల 49 పట్టిందంటే, అది ఎవరి మెప్పూ అక్కర్లేని రుజువు. పక్కవాడితో పోల్చుకోవడం మాని, నిన్నటి తనతో పోల్చుకోవడం అంటే ఇదే.

తెలుగువాళ్లకు ఇంతకన్నా విలువైన సాధన ఇంకొకటుంది. అది ఈత. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో ఈత రానివాడు సగం సరదాలకు ఒడ్డునే నిలబడిపోతాడు. ఏటా బీచుల్లో, జలపాతాల దగ్గర మునిగి చనిపోయేవారిలో విదేశాల్లో పుట్టినవారు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉంటున్నారు. మన విద్యార్థుల మరణ వార్తలు వింటూనే ఉన్నాం. స్థానిక కౌన్సిళ్ల ఈత కొలనుల్లో పెద్దవాళ్లకూ తరగతులుంటాయి. ముప్పై అయిదేళ్ల వయసులో, ఆరేళ్ల పిల్లల పక్కన నిలబడి నీళ్లలో ముఖం ముంచడానికి మొదట్లో సిగ్గుగానే ఉంటుంది. ఆ సిగ్గు దాటి ఒక చివరనుంచి మరో చివరకు ఈదిన రోజున కలిగే ధీమా ఆఫీసు మీటింగు దాకా వెంట వస్తుంది. సముద్రంలో మాత్రం లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈదాలి.

రెండు గడుల కాగితం

చేతలకు తోడు ఆలోచననూ సరిచేసుకోవాలి. అందుకు పెర్త్ నగరం నుంచి ఒక మంచి సాధనం వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలోని సెంటర్ ఫర్ క్లినికల్ ఇంటర్వెన్షన్స్ 2005లో ఆత్మగౌరవం మీద తొమ్మిది భాగాల అభ్యాస పుస్తకం తయారుచేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ మనస్తత్వవేత్త మెలనీ ఫెనెల్ పద్ధతి దానికి ఆధారం.

ఆ పద్ధతిని ఒక ఉదాహరణతో చెప్పుకోవచ్చు. సిడ్నీ ఆఫీసులో పనిచేసే ఒక ఇంజినీరు మీటింగుల్లో నోరు విప్పడు. లోపల ఒక తీర్పు పాతుకుపోయి ఉంది: ‘నేను తీసికట్టు’. దాన్ని బయటపడనీయకుండా ఒక నియమం పెట్టుకున్నాడు: ‘తప్పు రాకుండా మాట్లాడగలిగితేనే మాట్లాడాలి’. మాట్లాడకపోవడంతో ఎవరూ నవ్వలేదు. నోరు మూసుకోవడం వల్లే పరువు దక్కిందని అతని నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో తేలే అవకాశమే ఎప్పుడూ రాదు. చిక్కుముడి అక్కడ ఉంది.

విప్పడానికి కాగితం మీద రెండు గడులు చాలు. ఎడమ గడిలో ముందే రాయాలి: ‘రేపు మీటింగులో ఒక ప్రశ్న అడుగుతాను. నా యాస విని నవ్వుతారు.’ మీటింగు అయ్యాక కుడి గడిలో జరిగింది జరిగినట్టు రాయాలి: ‘అడిగాను. ఒకాయన మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత జవాబిచ్చాడు. ఎవరూ నవ్వలేదు.’ కొన్ని వారాలు ఇలా రాస్తే భయాలకూ వాస్తవానికీ ఎంత దూరముందో కళ్లకు కనిపిస్తుంది. ఒకవేళ నిజంగానే ఎవరైనా నవ్వినా, ఆ తర్వాత ఏం జరిగిందన్నది కూడా రాయాలి. మామూలుగా ఏమీ జరగదు.

ఆ పుస్తకంలోని మరో అభ్యాసం తన మంచి లక్షణాలను, వాటికి ఉదాహరణలతో సహా రాసుకోవడం. ఇక్కడ తెలుగువాళ్ల చేయి ఆగిపోతుంది. ఎదుట పొగిడితే దిష్టి, తనను తాను పొగుడుకుంటే సొంత డబ్బా. ఆస్ట్రేలియన్లూ ఈ విషయంలో తక్కువ తినలేదు. పొలంలో తలెత్తిన గసగసాల మొక్కను కత్తిరించినట్టు, ఎవరైనా తన గొప్ప చెప్పుకుంటే వెంటనే తగ్గించేస్తారు. దానికి టాల్ పాపీ సిండ్రోమ్ అని పేరే ఉంది. అందుకే ఈ జాబితా ఎవరికీ చూపించాల్సింది కాదు. ‘నేను గొప్పవాణ్ని’ అని రాయనక్కర్లేదు. ‘మంగళవారం క్లయింటు కాల్ ఒక్కణ్నే నడిపాను’, ‘కొత్తగా వచ్చిన కుర్రాణ్ని బ్యాంకుకు తీసుకెళ్లి ఖాతా తెరిపించాను’ అని రాస్తే సరిపోతుంది. ఇవి జరిగిన సంగతులు. లోపలి మనసు వీటిని కాదనలేదు.

భుజం భుజం కలిపి

‘ఉద్యోగం పురుష లక్షణం’ అని పెరిగిన మగవాడికి రిటైర్మెంటు ఒక పెద్ద దెబ్బ. ఆస్ట్రేలియా దీనికి కనుక్కున్న మందు చాలా మామూలుది: ఒక షెడ్డు. రంపాలు, సుత్తులు, వెల్డింగ్ మిషను, టీ కెటిల్. 1990లలో దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వాలో, విక్టోరియాలోని టొంగాలాలో మొదలైన ఈ మెన్స్ షెడ్లకు 2007లో జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ఐర్లండ్, బ్రిటన్‌లకూ పాకాయి. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడరు, భుజం భుజం కలిపి మాట్లాడతారన్నది వాళ్ల నినాదం. స్కూలు పిల్లలకు బొమ్మలు చేస్తూ, పాత సైకిళ్లు బాగుచేస్తూ, చేతులు పనిలో ఉండగా మనసులోవి బయటికి వస్తాయి.

సామాజిక మనస్తత్వవేత్త మార్క్ లియరీ 1995లో చేసిన ప్రతిపాదన ఈ షెడ్ల రహస్యాన్ని వివరిస్తుంది. పదిమందిలో మనకు చోటు ఉందా లేదా అని లోపల ఎప్పటికప్పుడు కొలిచే మీటరే ఆత్మగౌరవమని ఆయన అంటారు. చోటు ఉందని తెలిస్తే ముల్లు పైకి, లేదనిపిస్తే కిందికి. 2018లో ఉల్రిక్ ఓర్త్ బృందం లక్షా 60 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని కలిపి చూసినప్పుడు, ఆత్మగౌరవం అరవయ్యో ఏటి దాకా పెరుగుతూ వచ్చి, డెబ్బై దాకా నిలకడగా ఉండి, ఆ తర్వాత తగ్గుతుందని తేలింది.

మనవల కోసం మెల్‌బోర్న్ వెళ్లిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఈ సగటు లెక్కకు అందడు, ఆయన ముల్లు ముందే కిందికి దిగుతుంది. ఊళ్లో దారి పొడవునా ‘నమస్కారం మాస్టారూ’ అని విన్న మనిషి, పగలంతా తాళం వేసిన ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు. ఆయనకు కావలసింది విశ్రాంతి కాదు, పని. దగ్గర్లో షెడ్డు ఉంటే అడిగి చూడవచ్చు. వారాంతపు తెలుగు తరగతుల్లో అక్షరాలు దిద్దించడానికి ఆయనకన్నా తగినవారు దొరకరు. అలాగే మనవల కోసం వచ్చిన అత్తగారికీ అంతే. క్వీన్స్‌లాండ్‌వాళ్లు తాతల కాలం నుంచి రోజెల్లా జామ్ చేసుకుంటారు. ఆ రోజెల్లా మన పుల్ల గోంగూర జాతి మొక్కే. వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులు వాడి ఆకును పట్టించుకోరు. కమ్యూనిటీ గార్డెన్‌లో నలుగురికి ఆ ఆకుతో పచ్చడి నూరి రుచి చూపించిన పెద్దావిడకు ఇంగ్లిష్ రాకపోయినా చోటు దొరుకుతుంది.

ఉద్యోగం దొరకని అమ్మాయికి స్వచ్ఛంద సేవ రెండు విధాల పనికొస్తుంది. ఇయాన్ కియర్నన్ 1989లో సిడ్నీ హార్బర్‌లో మొదలుపెట్టిన చెత్త ఏరివేత మరుసటి ఏడాదే క్లీన్ అప్ ఆస్ట్రేలియా డేగా దేశమంతా పాకింది. అలాంటి కార్యక్రమాలు, లైబ్రరీలు, ఆహార బ్యాంకులు ఎప్పుడూ మనుషుల కోసం చూస్తుంటాయి. వారానికి ఒక పూట వెళితే, తన అవసరం ఉన్న చోటు ఒకటి ఏర్పడుతుంది. రెజ్యూమెలో రాయడానికి స్థానిక అనుభవం, ఉద్యోగమిచ్చేవాళ్లు ఫోన్ చేస్తే మంచి మాట చెప్పే ఒక రెఫరీ కూడా దొరుకుతారు.

పిల్లల చెరువు

సిడ్నీ తెలుగు ఇళ్లలో నాలుగో తరగతి నుంచే కోచింగు మాటలు మొదలవుతాయి. ప్రతిభ చూసి చేర్చుకునే సెలెక్టివ్ స్కూళ్ల కోసం ఆరో తరగతిలో రాసే పరీక్ష లక్ష్యం. 1996 నుంచి 2022 దాకా న్యూ సౌత్ వేల్స్ హెచ్ఎస్సీ, అంటే పన్నెండో తరగతి, ఫలితాల పట్టికలో ఏటా మొదటి స్థానంలో నిలిచిన జేమ్స్ రూస్ అనే సెలెక్టివ్ స్కూలు పేరు తల్లిదండ్రుల నోళ్లలో మంత్రంలా ఆడుతుంది. ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా పనిచేసిన విద్యా మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ ఇక్కడే ఒక హెచ్చరిక చేశారు. 1984లో సిడ్నీ పిల్లల మీద చేసిన అధ్యయనంతో మొదలుపెట్టి, 2003లో 26 దేశాల్లో లక్ష మందికి పైగా పదిహేనేళ్ల విద్యార్థుల సమాచారం పరిశీలించారు. సమానమైన తెలివి ఉన్న ఇద్దరిలో, అందరూ మెరికలే ఉన్న స్కూల్లో చేరినవాడు తన చదువును తక్కువగా అంచనా వేసుకుంటాడు. పెద్ద చెరువులో పడిన చేపకు తాను చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల్లో వారానికో పరీక్ష పెట్టి సెక్షన్లు మార్చే పద్ధతి తెలిసినవారికి ఇది చెప్పనక్కర్లేదు.

మంచి స్కూలుకు పంపవద్దని దీని అర్థం కాదు. పంపితే, ర్యాంకుతో సంబంధం లేని చోటు ఒకటి బయట ఉంచాలి. శనివారం క్రికెట్టో, కూచిపూడో, బీచిలో పిల్లలకు నేర్పే నిప్పర్స్ లైఫ్‌సేవింగ్ శిక్షణో, ఏదైనా సరే. పొగడ్త విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. 2014లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడీ బ్రుమెల్మన్ బృందం చేసిన ప్రయోగాల్లో, ఆత్మగౌరవం తక్కువున్న పిల్లలను ‘అద్భుతం, అమోఘం’ అని ఆకాశానికెత్తితే వాళ్లు ఆ తర్వాత కష్టమైన పనికి వెనకాడారు. అంత ఎత్తు నుంచి పడిపోతామన్న భయం. ‘ఈ లెక్క రెండు పద్ధతుల్లో ప్రయత్నించావు’ అంటే చాలు.

ఇక రూపం. అడిలైడ్‌కు చెందిన టారిన్ బ్రమ్‌ఫిట్ 2013లో ‘ముందు, తర్వాత’ ఫొటోలు పెట్టి సంచలనం సృష్టించారు. అందరూ సన్నబడ్డాక దిగిన బొమ్మను చివర పెడతారు. ఆమె కండలు తిరిగిన పోటీల నాటి ఫొటోను ముందు పెట్టి, పిల్లల్ని కన్న తర్వాతి మామూలు శరీరాన్ని చివర పెట్టారు. 2016లో ‘ఎంబ్రేస్’ అనే డాక్యుమెంటరీ తీశారు. 2023లో ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ అయ్యారు. రూపాల పోలికలు ఇప్పుడు సోషల్ మీడియాలోనూ నడుస్తాయి. 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకుండా చూడాల్సిన బాధ్యతను కంపెనీల మీదే పెట్టిన ఆస్ట్రేలియా చట్టం 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉల్లంఘిస్తే జరిమానా 4.95 కోట్ల డాలర్ల దాకా ఉండవచ్చు. అయితే ‘ఎండకు నల్లబడ్డావేమే’ అని వీడియో కాల్‌లో అమ్మమ్మ అనే మాటను ఏ చట్టమూ ఆపలేదు. అది ఇంట్లోవాళ్లే మానాలి.

ఇవన్నీ చేసినా దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్ర, ఆకలి పాడైతే, బతుకు వృథా అన్న ఆలోచన వస్తుంటే ఇక సొంత వైద్యం చాలదు. ఆస్ట్రేలియాలో మెడికేర్ ఉన్నవారు ఫ్యామిలీ డాక్టరును కలిసి మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాయించుకుంటే ఏడాదికి 10 కౌన్సెలింగ్ సెషన్ల దాకా రాయితీ దొరుకుతుంది. విద్యార్థులు యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లవచ్చు. 1963 నుంచి పనిచేస్తున్న లైఫ్‌లైన్ నంబరు 13 11 14, బియాండ్ బ్లూ 1300 22 4636, రెండూ రోజంతా పలుకుతాయి. తెలుగులో మాట్లాడాలంటే దుబాసీ సేవల నంబరు 131 450కి చేసి అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబర్లను మీ ఫోనులో వేసుకోండి, చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్లిన మీ పిల్లలకూ పంపండి. ఈసారి వాళ్లతో మాట్లాడేటప్పుడు ఉద్యోగం వచ్చిందా అన్న ప్రశ్నకన్నా ముందు, ఈ వారం ఎవరితో కలిసి ఏం చేశావని అడగండి.